తడిముక్కు పరీక్ష

ఇప్పలమడుగు అడవిలో పులి లేదు, సింహం లేదు. ఉంటే ఈ కథ కూడా వాళ్ళే కొట్టేసేవారు. అక్కడ ఉన్నవి కుక్కలు, పిల్లులు, ఒక ముళ్ళపంది. అడవి మధ్యలో ఒక వాగు పారేది. వాగుకు ఇవతల బండల మీద కుక్కల గుంపు ఉండేది. అవతల వెదురు పొదల్లో పిల్లులు ఉండేవి. ఆ పొదలకు దగ్గరలోనే, ఒక మద్దిచెట్టు వేళ్ళ కింద, సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది బొరియ చేసుకుని ఉండేది.

సూదమ్మ వైద్యురాలు. కానీ ఆమె పద్ధతి కొంచెం వింత. జబ్బు చేసినవాళ్ళ కంటే జబ్బు చేయనివాళ్ళనే ఎక్కువగా పిలిచేది. పిల్ల పుట్టి ఆరు వారాలు కాగానే తీసుకురమ్మనేది. తన ముల్లు ఒకటి పీకి, మందులో ముంచి, మెడ వెనక చటుక్కున గుచ్చేది. నెల తిరిగాక రెండో ముల్లు. ఇంకో నెలకు మూడోది. ఆ తర్వాత ఏడాదికి ఒకటి. కడుపులో పురుగులు పోవడానికి చేదు ఉండ మింగించేది. పెద్దవాళ్ళకు నోరు తెరిపించి పళ్ళు చూసేది, చెవులు మడిచి పిడుదులు ఏరేది. ముసలివాళ్ళను ఆర్నెల్లకోసారి పిలిచి, నాలుగడుగులు నడవమని, రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు తాగుతున్నారో అడిగేది.

"ఏమీ లేనప్పుడే రండి నాయనా. అన్నీ అయ్యాక వస్తే మీతో కలిసి ఏడవడం తప్ప నేను చేసేదేమీ ఉండదు" అనేది.

పిల్లులు వెళ్ళేవి. ఎవరో చెప్పారని కాదు. పిల్లులు ఎవరి మాటా వినవు, ఆ సంగతి మీకూ తెలుసు. వాటి ఒళ్ళంటే వాటికి ముద్దు, అందుకని వెళ్ళేవి.

కుక్కలు మాత్రం వెళ్ళేవి కావు. వాటికొక ఆచారం ఉంది.

రోజూ పొద్దున్నే గుంపంతా బోడిబండ మీద వరసగా నిలబడేది. ఢంకా అనే నాయకుడు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, ఒక్కొక్కరి ముక్కుకు తన ముక్కు ఆనించి చూసేవాడు. తడిగా ఉంటే "తడి!" అని కేక పెట్టేవాడు. పొడిగా ఉన్నవాళ్ళను కంపచెట్ల వెనక్కి పంపేసేవాడు. ముక్కు తడిగా ఉంటే ఒళ్ళు బాగున్నట్టే. ఒళ్ళు బాగుండి కూడా వైద్యం కోసం వాగు దాటినవాడు పిరికివాడు. ఇది ఢంకా వాళ్ళ నాన్న పెట్టిన కట్టుబాటు. ఆయన తన నాన్న దగ్గర నేర్చుకున్నాడట.

ఇంత తెలివితక్కువ ఆచారం నేను ఇంకెక్కడా వినలేదు. ఎందుకంటారా? తన వంతు రాకముందే ప్రతి కుక్కా నాలుక చాపి ముక్కు ఒకసారి నాకేసుకునేది! జ్వరం ఉన్నా, కాలు వాచినా, కడుపులో పురుగులు తిరుగుతున్నా, ఒక్క నాకు నాకితే చాలు, "తడి!" అయిపోయేది. ఢంకాకే ఎడమవైపు దవడ పన్ను పుచ్చి రెండేళ్ళయింది. మాంసం కుడివైపే నమిలేవాడు. ఆ సంగతి గుంపులో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తేవారు కాదు.

ఆ గుంపులో రేగు అనే ఎర్రటి ఆడకుక్క ఉండేది. నిరుడు వానల్లో ఆమెకు నాలుగు పిల్లలు. ఒక పొద్దున నాలుగింటి ముక్కులూ చూసి ఢంకా నాలుగుసార్లు "తడి!" అన్నాడు. ఆ సాయంత్రమే వాటికి వాంతులు మొదలయ్యాయి, తర్వాత నెత్తురు విరేచనాలు. మూడో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. వాటిని రేగు ఒక్కతే గుంత తవ్వి పూడ్చింది.

ఈ ఏడు ఆమెకు ఒక్కటే పిల్ల పుట్టింది. దాని పేరు గింజ. గింజ బతకాలి. రేగుకు ఇంకే కోరికా లేదు.

గింజకు ఆరు వారాలు నిండిన రోజున ఢంకా వరసలో నడుస్తూ వచ్చి, పిల్ల ముందు వంగాడు. రేగు అడ్డంగా నిలబడింది.

"దీని ముక్కు చూడొద్దు, ఢంకన్నా. దీన్ని సూదమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను."

"జబ్బు చేసిందా?"

"చేయలేదు."

"మరి ఎందుకు?"

"చేయకూడదని."

గుంపంతా పడీ పడీ నవ్వింది. ఢంకా కూడా నవ్వాడు, కుడివైపు పళ్ళు మాత్రమే కనపడేలా.

"రాని జబ్బుకు మందా! వేట లేనప్పుడు పరుగెత్తమని కూడా అంటావా?"

"పరుగు నేర్పేది వేట లేనప్పుడే కదా అన్నా. తోడేలు మీద పడ్డాక నేర్పుతామా?"

నవ్వులు ఆగిపోయాయి. ఢంకా గొంతు పెంచాడు.

"వాగు దాటావంటే వేటలో నీ వాటా పోతుంది. అందరూ తిన్నాక మిగిలిన ఎముకలే నీకు!"

రేగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిరుడు నా పిల్లలకు నాలుగుసార్లు తడి అని అరిచావు. నాలుగింటినీ నేనే పూడ్చాను. ఆ రోజు నీ గొంతు ఏమైంది? ఎముకలే తింటాను. నా బిడ్డను మాత్రం నీ కేకకు వదలను."

గింజను మెడ దగ్గర మెల్లగా కరిచి పట్టుకుని, అందరూ చూస్తుండగానే వాగు దాటింది.

మద్దిచెట్టు కింద సూదమ్మ అప్పటికే పనిలో ఉంది. బూడిద అనే ముసలి పిల్లి ఆమె ముందు నోరు తెరుచుకుని కూర్చుంది.

"పళ్ళు బాగానే ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగుతున్నావట?" అంది సూదమ్మ.

"ఎవరు చెప్పారు?" అని బూడిద చిరచిరలాడింది.

"ఎవరో ఎందుకు? పొద్దుటి నుంచి నాలుగుసార్లు వాగు దగ్గర నేనే చూశాను. నీ మూత్రపిండాలు అలిసిపోతున్నాయే బూడిదా. ఇప్పుడే బయటపడింది కాబట్టి తిండి మార్చి నెట్టుకొద్దాం. చిక్కి శల్యమయ్యాక వచ్చి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు."

బూడిద మీసాలు సవరించుకుని, తనకేమీ పట్టనట్టు పక్కకు జరిగింది. కానీ వెళ్ళిపోలేదు. సూదమ్మ చెప్పిన తిండి ఏమిటో చివరిదాకా విని గుర్తుపెట్టుకుంది.

సూదమ్మ గింజ ఒళ్ళంతా తడిమి చూసి, చేదు ఉండ మింగించి, మెడ వెనక ముల్లు గుచ్చింది. గింజ అడవి దద్దరిల్లేలా కుయ్యోమంది.

"అరిచెయ్ తల్లీ, బాగా అరిచెయ్. అరిచే ఓపిక ఉండాలనే కదా ఇదంతా" అంది సూదమ్మ. తర్వాత ఇంకో ముల్లు పీకి రేగు వైపు తిరిగింది. "నువ్వూ రా. తల్లి పడిపోతే పిల్లను ఎవరు చూస్తారు?"

రేగు మెడ వంచింది.

"ఒక్కసారితో అయిపోయిందనుకోకు. పిల్లకు ఇంకా రెండు ఉన్నాయి. గట్టు సగం కట్టి వదిలేస్తే వరద ఆగుతుందా? నెలకు మళ్ళీ రా."

ఆ నెలంతా రేగు ఎముకలు కొరికింది. పాలు తగ్గాయి. రాత్రి కూడబెట్టుకున్న బలంతో పొద్దున ఒంటరిగా ఉడతల వెంట, కప్పల వెంట పరుగెత్తేది. మిగతా తల్లులు దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పేవి.

"ఒకటి పొడిపించావుగా రేగూ, చాలదా? పెద్దాయన కాళ్ళ మీద పడు. నీ వాటా నీకిచ్చేస్తాడు."

"ఇంకా రెండున్నాయి" అనేది రేగు. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు.

నెల తిరిగే రోజున వాగు రేవు దగ్గర ఢంకా కాపలా పెట్టాడు. కాపలాకు దొరికింది బొల్లి తాత. ఆయన వయసు అందరికంటే ఎక్కువ. వెనకకాళ్ళు పట్టేసి, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. వాగు అవతల ఆయన కాళ్ళకు మందు ఉందని సూదమ్మ ఎన్నోసార్లు కబురు పెట్టింది. కట్టుబాటుకు భయపడి తాత వెళ్ళలేదు.

రేగు పిల్లను తీసుకుని నేరుగా ఆయన ముందుకే వచ్చింది.

"తాతా, నేను దాటుతున్నాను. అరుస్తావా?"

బొల్లి తాత ఆకాశం వైపు చూశాడు.

"ఎవరమ్మా అది? నాకు చూపు ఆనదు. కాలు కదలదు. ఇలాంటివాణ్ణి కాపలా పెట్టిన ఢంకాకు బుద్ధి ఉందో లేదో గానీ, నాకైతే ఎవరూ కనపడలేదు."

అలా రెండో ముల్లు పడింది.

మూడో నెల వచ్చేసరికి ఢంకా ఓపిక అయిపోయింది. బోడిబండ మీద గుంపునంతా పిలిచి రేగును మధ్యలో నిలబెట్టాడు.

"మా తాత ముక్కు చూశాడు, మా నాన్న ముక్కు చూశాడు, మేమంతా బతకలేదా? ఇది నిన్ననో మొన్ననో పుట్టి మాకు నేర్పుతుందట! ఇక తేల్చుకో. గుంపు కావాలా, ముల్లు కావాలా?"

పిల్లలూ, కుక్కకు గుంపును వదలడమంటే మనకు ఇల్లూ ఊరూ ఒక్కసారే పోయినట్టు. తోడు లేకుండా పెద్ద వేట పడదు. వానలో వెచ్చగా ఆనుకుని పడుకోవడానికి ఇంకో ఒళ్ళు ఉండదు. రేగు గుంపు వైపు చూసింది. తనతో ఆడి పెరిగినవాళ్ళు, తనకు పరుగు నేర్పినవాళ్ళు, ఒక్కొక్కరే తల దించుకున్నారు.

"బతికినవాళ్ళను లెక్క చెప్పుకుంటున్నావు ఢంకన్నా. పోయినవాళ్ళ సంగతి ఎవరు చెప్పాలి?" అంది రేగు. "నాకు ముల్లే కావాలి."

వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయింది. గింజ మాత్రం వెనక్కి తిరిగి ఒక్కసారి ఢంకా మీద గుర్రుమంది. పిల్ల గుర్రు, దోమ రొద కంటే కొంచెం పెద్దది. అయినా నాకు ఆ గుర్రు భలే నచ్చింది.

మూడో ముల్లు పడ్డాక తల్లీ పిల్లా వెదురు పొదల అంచున చేరారు. పిల్లులు ముందు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బూడిద వచ్చి వాళ్ళను పైనుంచి కిందికి చూసింది. తిండి మార్చాక దాని ఒళ్ళు కాస్త నిగారించింది.

"మా పొదల్లో కుక్కలు! కాలం అలా ఉంది మరి. ఉంటే ఉండండి గానీ, పొద్దున్నే అరవకండి" అని వెళ్ళి పడుకుంది.

తొలకరి పడింది. ఒకరోజు అవతలి కొండ నుంచి ఒక బలమైన కుక్క వచ్చి గుంపులో చేరతానంది. దాని గుంపులో అప్పటికే ఏదో జబ్బు చొరబడి ఉంది. ఆ మాట అది చెప్పలేదు. ఢంకా కూడా అడగలేదు. వరసలో మొదట నిలబెట్టి, ముక్కుకు ముక్కు ఆనించాడు. అది అంతకుముందే శుభ్రంగా నాకేసుకుంది.

"తడి!" అన్నాడు ఢంకా గర్వంగా. అదే ముక్కుతో రెండో కుక్క దగ్గరికి వెళ్ళాడు. "తడి!" మూడో దాని దగ్గరికి. "తడి!" అలా ఆ చివరిదాకా వెళ్ళాడు, పిల్లలతో సహా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జబ్బు ఏ ముక్కు మీద వచ్చింది, ఏ ముక్కు దాన్ని మోసుకెళ్ళింది? అది మీకు అర్థమైంది. ఢంకాకు కాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు ఎవరు చూపిస్తారు?

వారం తిరగకుండానే బండల మీద దగ్గులు మొదలయ్యాయి. తర్వాత వాంతులు, తర్వాత నెత్తురు. వాగు అవతల ఉన్న రేగు ఆ మూలుగులు విని గుర్తుపట్టింది. నిరుడు తన పిల్లలు కూడా అలాగే మూలిగాయి. గింజను కిందికి తొక్కిపెట్టి కదలనివ్వలేదు.

సూదమ్మ వచ్చి చెప్పింది. "వదులు. దానికి మూడు ముళ్ళూ వేళకు పడ్డాయి. నీకూ పడింది. మిమ్మల్ని ఆ జబ్బు పడగొట్టలేదు. నువ్వు వెళ్ళి చెప్పాల్సింది చెప్పు. నేను రేవు దగ్గర ఉంటాను."

రేగు వాగు దాటి బోడిబండ ఎక్కింది. ఏం చూసిందో తెలుసా? సగం గుంపు కంపచెట్ల వెనక పడి ఉంది. మిగతా సగాన్ని ఢంకా వరసలో నిలబెట్టి ఇంకా ముక్కులు చూస్తున్నాడు!

"ఆపు!" అని అరిచింది రేగు. "జబ్బును ముక్కు నుంచి ముక్కుకు పంచుతున్నది నువ్వే!"

"గుంపు వదిలినదానికి ఇక్కడ మాట లేదు!" అన్నాడు ఢంకా. అతని కళ్ళు పుసులు కట్టాయి. కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "చూడు, నా ముక్కు తడిగానే ఉంది!"

"నాకుతున్నావు కాబట్టి ఉంది. నీ దవడ పన్ను సంగతి చెప్పనా?"

ఢంకా ఆమెను పట్టించుకోనట్టు పక్కకు తిరిగి, బొల్లి తాత ముందు ముక్కు చాపాడు. తాత వెనకకాళ్ళు కూడదీసుకుని మెల్లగా లేచాడు. జీవితంలో మొదటిసారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నా ముక్కు నాది, ఢంకా. ఇవ్వను."

తర్వాత ఆయన పక్కనున్న తల్లికుక్క తన ఇద్దరు పిల్లలనూ పొట్ట కిందికి లాక్కుంది. "నా పిల్లల ముక్కులూ ఇవ్వను" అంది. "నేనూ ఇవ్వను" అంది ఇంకొకటి. ఒకరి తర్వాత ఒకరు ముఖాలు తిప్పేసుకున్నారు. ఢంకా ముక్కు చాచి నిలబడ్డాడు. దానికి ఆనే ముక్కు ఆ వరసలో ఒక్కటీ లేదు.

రేగు వెంట రేవుకు దిగినవాళ్ళకు సూదమ్మ అవతలి గట్టు నుంచే ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. "నా ముల్లు రాబోయే జబ్బును ఆపుతుంది. వచ్చేసినదాన్ని ఆపలేదు. జబ్బు చేసినవాళ్ళు అటే ఉండాలి, వాళ్ళకు మందూ నీళ్ళూ రేగు తెస్తుంది. ఒళ్ళు బాగున్నవాళ్ళు ఒక్కొక్కరే నా దగ్గరికి రండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. అయినా కాలని చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి."

బొల్లి తాత అందరికంటే ముందు వాగులో దిగాడు. ఆయన వెనక తల్లులు, పిల్లలు దిగారు. చాలామంది బతికారు. కొందరు బతకలేదు. వాళ్ళలో పాలు మరవని పిల్లలు ముగ్గురున్నారు. వేసవిలోనే వాగు దాటి ఉంటే ఆ ముగ్గురూ ఇవాళ ఆడుకుంటూ ఉండేవారు. ఈ మాట చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు.

ఢంకా వాగు దాటలేదు. రేవు దాకా వెళ్ళాడు, ముక్కు నీళ్ళలో ముంచాడు, "తడిగానే ఉంది" అని వెనక్కి వచ్చేశాడు. మూడో రోజున కంపచెట్ల వెనక కూలబడ్డాడు. ముక్కు ఎండినవాళ్ళను అతను తరిమేసిన చోటు అదే. రేగు రోజూ అక్కడికి నీళ్ళు తీసుకెళ్ళింది. పుచ్చిన పంటి నొప్పికి అతను ఏ మందూ నమలలేకపోయాడు, మింగలేకపోయాడు.

చివరి రోజున సన్నగా వాన పడుతోంది.

"రేగూ, చూడు... ముక్కు తడిగా ఉంది కదూ?" అన్నాడు.

రేగు అతని ముఖం మీద పడుతున్న వానచినుకులను చూసింది. అతని మీద ఉన్న కోపం పోలేదు. అయినా జాలి వేసింది.

"ఉందన్నా. తడిగానే ఉంది" అంది.

ఇప్పుడు ఆ బండల మీద ముక్కులు ఎవరూ చూడరు. ఏటా ఎండలు ముదిరి వానలు రాకముందే గుంపంతా వాగు దాటుతుంది. ముందు నడిచేది రేగు. బొల్లి తాత కాళ్ళు మందుతో కాస్త సాగాయి, అందుకని ఆర్నెల్లకోసారి ఆయన అదనంగా ఇంకో చుట్టు వేస్తాడు. ముల్లు కంటే బూడిదతో కబుర్లే తనకు ఇష్టమంటాడు. బూడిద ఒప్పుకోదు గానీ, ఆయన వచ్చే రోజున పొద ముందే కూర్చుని ఉంటుంది.

మూడేళ్ళకు గింజకూ పిల్లలు పుట్టారు. వాళ్ళలో ఒక గడుగ్గాయి రేవు దగ్గర కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయింది.

"అమ్మమ్మా, నాకు జ్వరం లేదు. దగ్గు లేదు. గెంతుతున్నాను, తింటున్నాను. నాకేం జబ్బు లేదు కదా, నన్నెందుకు తీసుకెళ్తున్నావు?"

రేగు దాన్ని మెడ దగ్గర మెల్లగా పట్టుకోబోతూ ఆగింది.

"అందుకే" అంది.

నీతి: ఒళ్ళు బాగున్న రోజే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. నవ్వేవాళ్ళు నవ్వినా సరే, వెళ్ళాలి.